చిన్నప్పుడు పీల్చిన బీహెచ్‌సీ పొడి వల్ల ఇప్పుడు కడుపులో బిడ్డకు ముప్పుందా?

మీ ప్రశ్న శ్రద్ధగా చదివానమ్మా. మీకు 34 ఏళ్లు, ఐదో నెల. గుంటూరు జిల్లాలో పత్తి పండే ఊళ్లో పుట్టి పెరిగారు. నాన్నగారు ఎండోసల్ఫాన్ కొట్టేవారు. నాయనమ్మ కందులూ మినుములూ గోతాల్లోకి ఎత్తేటప్పుడు పురుగు పట్టకుండా బీహెచ్‌సీ పొడి చల్లేది. మేనత్తకు యాభై దాటాక రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇప్పుడు మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు. మన తల్లుల పాలలో డీడీటీ ఉందని, డబ్బా పాలే మేలని ఎవరో వీడియోలో చెప్పింది విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదన్నారు. అత్త జబ్బుకు ఆ మందులే కారణమా, బిడ్డకు ఏమన్నా అవుతుందా, రక్తపరీక్ష చేయించుకోవాలా, డీటాక్స్ పొడులు పనిచేస్తాయా అని అడిగారు. న్యూజెర్సీలో అక్కవాళ్లకు తాగునీళ్లలో రసాయనాలున్నాయని వచ్చిన నోటీసు గురించీ, ఊళ్లో అటక మీద ఇంకా ఉన్న పాత బీహెచ్‌సీ డబ్బా గురించీ కూడా రాశారు.

నేను పురుగుమందుల అవశేషాలు పరీక్షించే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పాలు, నెయ్యి, కూరగాయలు, బావి నీళ్లు, మనుషుల రక్తం, వీటిలో ఈ రసాయనాలు ఎంతున్నాయో కొలవడమే నా ఉద్యోగం. వైద్యం చేసేదాన్ని కాను కాబట్టి మీ మందుల విషయంలో మీ డాక్టరుగారి మాటే వినండి.

మిమ్మల్ని టెన్షన్‌లో ఉంచకుండా అసలు జవాబు ముందే చెబుతాను. బిడ్డకు మీ పాలే ఇవ్వండి. డీటాక్స్ పేరుతో అమ్మేవి ఏవీ తీసుకోవద్దు. డీడీటీ, బీహెచ్‌సీల కోసం రక్తపరీక్ష మీకు అక్కర్లేదు. చిన్నప్పుడు ఒంట్లో చేరినదాన్ని ఇప్పుడు మనం పెద్దగా మార్చలేం. కాన్పు దాకా, ఆ తర్వాత బిడ్డకు రెండేళ్లొచ్చే దాకా కొత్తగా ఏం చేరుతుందో అది మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. మీ భయాన్ని అటువైపు తిప్పమని చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మీరు రాసిన మూడు పేర్లూ ఒకే కుటుంబానివే. మూడింటిలోనూ క్లోరిన్ ఉంటుంది. కానీ ఒంట్లోకి వెళ్లాక ఒక్కోదాని తీరు ఒక్కో రకం. ఎండోసల్ఫాన్ మట్టిలో చాలాకాలం నిలుస్తుంది, గాలితో దూరదూరాలకు పోతుంది. మనిషి రక్తంలోంచి మాత్రం రోజుల్లో, మహా అయితే వారాల్లో పోతుంది. మన దేశంలో సుప్రీంకోర్టు 2011 మే 13న దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపేసింది. కాబట్టి నాన్నగారు కొట్టిన మందు ఇవాళ మీ రక్తంలో ఉందేమోనన్న దిగులు వదిలేయండి.

బీహెచ్‌సీ అలాంటిది కాదు. నాయనమ్మ చల్లిన ఆ ముక్క వాసన పొడిలో పురుగును గట్టిగా చంపే గామా రకం నూటికి 10 నుంచి 15 పాళ్లే ఉండేది. మిగతాదంతా ఆల్ఫా, బీటా, డెల్టా అనే రకాలు. వేరు చేస్తే ఖర్చు కాబట్టి అన్నీ కలిపే అమ్మారు. ఆ గామా రకాన్ని శుద్ధి చేసి తీసిందే లిండేన్. గజ్జికీ పేలకీ రాసే లోషన్లలో కూడా అదే ఉండేది. గామా ఒంట్లోంచి త్వరగానే పోతుంది, బీటా పోదు. ఒంట్లో ఉన్న బీటా సగానికి తగ్గాలంటే సుమారు ఏడేళ్లు పడుతుంది. బీహెచ్‌సీని 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. అప్పటికి మీకు ఐదారేళ్లుంటాయి. ఇంట్లో మిగిలిన పొడి ఆ తర్వాత కొన్నాళ్లు వాడి ఉన్నా సరే, సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం చొప్పున తగ్గుతూ వచ్చి ఇప్పటికి చాలా భాగం పోయి ఉంటుంది.

డీడీటీని పొలాల్లో వాడకుండా 1989లోనే ఆపేశారు, అంటే మీరు పుట్టకముందే. మలేరియా దోమల కోసం, కాలా అజార్ అనే జ్వరాన్ని తెచ్చే ఇసుక ఈగల కోసం ఇళ్ల గోడలకు కొట్టడం మాత్రం ఆ తర్వాత కూడా సాగింది. ఒంట్లోకి వెళ్లిన డీడీటీ డీడీఈ అనే పదార్థంగా మారి అక్కడితో ఆగిపోతుంది. ఒంటికి అక్కర్లేనిదాన్ని నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపడం కాలేయం పని. డీడీఈ, బీటా బీహెచ్‌సీ ఆ మార్పుకు లొంగవు. నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే కొవ్వు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. మనిషికైనా గేదెకైనా ఇంతే. పొలంలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి గేదెలోకి, అక్కడి నుంచి పాలలోకి, పాలలోంచి నెయ్యిలోకి వెళ్లే కొద్దీ చిక్కబడుతూ పోతాయి.

దీన్ని ఎలా కనిపెడతామో చెబితే మీకు బాగా అర్థమవుతుంది. గేదె పాల నమూనా ల్యాబ్‌కు వస్తే ముందు అందులోని కొవ్వును హెక్సేన్ అనే ద్రావకంతో విడదీస్తాం. ఆ కొవ్వును నేరుగా యంత్రంలోకి పంపితే లోపలి సన్న గొట్టం పాడైపోతుంది. కాబట్టి ఫ్లోరిసిల్ అనే తెల్లటి పొడి నింపిన గాజు గొట్టంలోంచి మెల్లగా దించుతాం. కొవ్వు ఆ పొడికి అంటుకుని ఉండిపోతుంది, మనకు కావలసిన రసాయనాలు ద్రావకంతో పాటు చుక్క చుక్కగా కిందికి దిగుతాయి. వాటిని నైట్రోజన్ వదిలి ఒక మిల్లీలీటరు మిగిలేదాకా ఆరబెడతాం. అందులోంచి సూది మొన మీద నిలిచేంత బొట్టు తీసి, రసాయనాల్ని ఒక్కొక్కటిగా విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంలోకి ఎక్కిస్తాం. క్లోరిన్ ఉన్న పదార్థం అవతలి చివరకు వచ్చినప్పుడల్లా డిటెక్టర్ కాగితం మీద ఒక శిఖరం గీస్తుంది. ముందు బీహెచ్‌సీ రకాలు, చాలా నిమిషాలు గడిచాక డీడీఈ. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో డీడీఈ శిఖరం రాని పాల నమూనా అరుదు. ఐసీఎంఆర్ 1993లో ఇచ్చిన నివేదికలో, 12 రాష్ట్రాల నుంచి తెచ్చిన 2,205 పాల నమూనాల్లో నూటికి 82 వంతుల్లో డీడీటీ దొరికింది. ఏళ్లు గడిచే కొద్దీ మా కాగితాల మీద ఆ శిఖరం కుంచించుకుపోతూ వచ్చింది. నేను రిటైరయ్యే నాటికి చాలా నమూనాల్లో దాన్ని వెతుక్కోవాల్సి వచ్చేది.

ఈ మాట మీకు ధైర్యం కోసం చెబుతున్నాను, కల్పించి కాదు. స్వీడన్‌లో 1960ల చివరి నుంచి తల్లిపాల నమూనాలు దాచి పరీక్షిస్తూ వచ్చారు. నిషేధం తర్వాత డీడీటీ అక్కడా అలాగే పడిపోయింది. మీ అమ్మగారి తరం ఒంట్లో ఉన్నంత మీ ఒంట్లో ఉండదు, మీ ఒంట్లో ఉన్నంత మీ బిడ్డ ఒంట్లో ఉండదు. ఇంకో సంగతి కూడా ఆ స్వీడన్ నమూనాలే బయటపెట్టాయి. సోఫాలు, టీవీలు అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు 1972 నుంచి 1997 దాకా తల్లిపాలలో ఐదేళ్లకోసారి రెట్టింపవుతూ పోయాయి. ఒకదాన్ని ఆపితే ఇంకొకటి వస్తోంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అమ్మే ముందు పరీక్షించాల్సింది పోయి, జనం ఒంట్లోకి చేరాక కొలుస్తున్నాం.

ఇక ఇవి ఒంట్లో ఏం చేస్తాయన్నది. ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో తగిలితే వచ్చే జబ్బు వేరు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చేరితే వచ్చేది వేరు. ఏలూరులో 2020 డిసెంబరులో 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఫిట్స్ వచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నట్టు ఎయిమ్స్ తేల్చింది. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని ప్రభుత్వం ప్రకటించింది. అది కంటికి కనిపించే విషం. ఎండోసల్ఫాన్ కూడా ఎక్కువగా ఒంట్లోకి పోతే ఫిట్సే తెప్పిస్తుంది, నరాల్లో ఉద్రేకాన్ని అణచే వ్యవస్థను అడ్డుకుంటుంది కాబట్టి. వీపు మీది స్ప్రేయర్ కారి చొక్కా తడిసినా అలాగే సాయంత్రం దాకా కొట్టిన రైతులకు తల తిరగడం, వాంతులు, వణుకు ఎందుకొచ్చేవో దీన్నిబట్టి తెలుస్తుంది.

కొద్దికొద్దిగా చేరేవి హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటాయి. డీడీఈ మగ హార్మోను కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. డీడీటీలోని ఇంకో రకం ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో ఉండే పీసీబీలు థైరాయిడ్ హార్మోను దారిలో అడ్డుపడతాయి. పెద్దవాళ్ల ఒంట్లో ఈ చిన్న జోక్యాన్ని సర్దుకునే శక్తి ఉంటుంది. అవయవాలు తయారవుతున్న పిండానికీ, ఎదిగే వయసు పిల్లలకూ ఆ వెసులుబాటు తక్కువ. ఎంత చేరిందన్నదానితో పాటు ఏ వయసులో చేరిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. నన్నడిగితే ఇదే ఎక్కువ.

మీ మేనత్తగారి విషయానికి ఇదే వర్తిస్తుంది. అమెరికాలో ఓక్లాండ్ ప్రాంతంలో 1959 నుంచి 1967 వరకు గర్భిణుల దగ్గర రక్తం తీసి భద్రపరిచారు. దశాబ్దాల తర్వాత దాన్ని పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. డీడీటీ వాడకం ఊపందుకునే నాటికి 14 ఏళ్లు నిండని ఆడపిల్లల్లో, రక్తంలో డీడీటీ ఎక్కువగా ఉన్నవాళ్లకు యాభైలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం తక్కువగా ఉన్నవాళ్లతో పోలిస్తే ఐదు రెట్లు కనిపించింది. అప్పటికే వయసు దాటినవాళ్లలో ఆ తేడా లేదు. ఆ గర్భిణులకు పుట్టిన కూతుళ్లను చూసిన 2015 నాటి అధ్యయనంలో, కడుపులో ఉండగా ఎక్కువ డీడీటీ తగిలినవాళ్లకు ముప్పు నాలుగు రెట్లకు దగ్గరగా వచ్చింది. పెద్దయ్యాక రక్తం తీసి చూసిన వేరే అధ్యయనాల్లో చాలావాటికి ఏ సంబంధమూ దొరకలేదు. కొలిచే వయసు తప్పితే అసలు సంగతి చేజారిపోతుందని ఈ తేడాను బట్టి నేను నమ్ముతున్నాను. మీ మేనత్తగారు డీడీటీ, బీహెచ్‌సీ విచ్చలవిడిగా వాడిన కాలంలో పెరిగిన మనిషి. వాటి పాత్ర ఉండి ఉండవచ్చు. కానీ ఆమె ఒక్కరి క్యాన్సర్‌ను చూపించి ఇది ఫలానా మందు వల్లే వచ్చిందని ఏ పరీక్షా చెప్పలేదు. గుంపు మీద లెక్కగట్టిన ముప్పును ఒక మనిషికి అంటగట్టలేం. మీకు అక్కరకొచ్చే పని ఒకటుంది. దగ్గరి బంధువుకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని మీ డాక్టరుకు చెప్పి, కాన్పయ్యాక మీరు ఏ వయసు నుంచి పరీక్షలు చేయించుకోవాలో అడగండి. తండ్రి వైపు బంధువు కదా అని ఊరుకోవద్దు, అటు వైపు నుంచి వచ్చే జన్యువులూ లెక్కే.

ఎండోసల్ఫాన్ గురించి మీరు చూసిన ఫొటోలు కాసర్‌గోడ్‌వి అయి ఉంటాయి. అక్కడ జరిగింది మీ ఊళ్లో జరిగినదానికి చాలా భిన్నం. కేరళ ప్లాంటేషన్ కార్పొరేషన్ తన జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ చల్లించింది. గుట్టల మీద తోటలు, కింద ఇళ్లు, ఆ ఇళ్లకు గుట్టల్లోంచి వచ్చే ఊటనీళ్లే ఆధారం. లీలాకుమారి అమ్మ అనే వ్యవసాయ శాఖ ఉద్యోగిని కోర్టుకెక్కి 1998లో ఆ చల్లడం మీద తాత్కాలిక స్టే తెచ్చారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వాళ్లు ఆ గుట్ట కింది ఊళ్లో 117 మంది మగపిల్లల్నీ, మందు తగలని ఊళ్లో 90 మందినీ పోల్చి చూశారు. 2003లో వచ్చిన ఆ ఫలితాల్లో మందు తగిలిన పిల్లల్లో యుక్తవయసు మార్పులు ఆలస్యంగా వస్తున్నట్టు తేలింది. అక్కడి వైకల్యాలన్నిటికీ ఎండోసల్ఫానే కారణమా అన్న వాదన ఇప్పటికీ ఉంది. సుప్రీంకోర్టు మాత్రం 2017 జనవరిలో బాధితులకు తలా 5 లక్షల రూపాయలు ఇమ్మని ఆదేశించింది. నా మట్టుకు నాకు, ఇరవై ఏళ్ల పాటు జనం నెత్తిన విషం చల్లినవాళ్లు రుజువు ఏదని బాధితుల్ని అడగడం అన్యాయంగా తోస్తుంది. కానీ ఆ పిల్లల ఫొటోల్ని మీ కడుపులో బిడ్డతో జోడించుకోకండి. మోతాదులోగానీ కాలంలోగానీ పొంతనే లేదు.

బిడ్డ మాటకొస్తే, నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే గట్టి హెచ్చరిక తైవాన్‌ది. 1979లో అక్కడ పీసీబీలు కలిసిన తవుడు నూనె తిని దాదాపు 2,000 మంది జబ్బుపడ్డారు. ఆ తల్లులకు తర్వాతి ఆరేళ్ల దాకా పుట్టిన పిల్లల్లోనూ తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గాయి. నూనె మానేసినా తల్లి కొవ్వులో నిలవ ఉన్నది మాయ దాటి బిడ్డను చేరిందన్నమాట. అది వంటనూనెలోనే విషం కలిసిన కేసు, మీకు దానితో పోలికే లేదు. మామూలు మోతాదులకు దగ్గరగా ఉండేది అమెరికాలోని మిషిగన్ సరస్సు చేపలు తిన్న తల్లుల అధ్యయనం. ఆ పిల్లలకు 11 ఏళ్లు వచ్చాక 1996లో ఫలితం వెలువడింది. కడుపులో ఉండగా పీసీబీలు ఎక్కువ తగిలిన పిల్లల చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నాయి. తల్లిపాల ద్వారా అంతకంటే ఎక్కువే బిడ్డ ఒంట్లోకి వెళ్లినా దానివల్ల నష్టం కనిపించలేదు.

అందుకే పాలు ఇవ్వమన్నాను. వీడియోలో చెప్పిన మొదటి సగం నిజమే, తల్లిపాలలో డీడీఈ ఆనవాళ్లు ఉంటాయి. కొవ్వు ఉన్న ప్రతి ఆహారంలోనూ ఉంటాయి. రెండో సగం తప్పు. తల్లిపాలతో వచ్చే రోగనిరోధక శక్తికి, మెదడు ఎదుగుదలకు డబ్బా పాలు సాటి రావు. పైగా డబ్బా పాలు కలపడానికి నీళ్లు కావాలి, ఆ నీళ్లలో ఏముందో మళ్లీ చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రసాయనాల మీద దశాబ్దాలుగా తల్లిపాలను పరీక్షిస్తూ కూడా, ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమన్న మాట మార్చలేదు. ఒక్క జాగ్రత్త పాటించండి. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా బరువు తగ్గే డైట్లు పెట్టుకోవద్దు. కొవ్వు వేగంగా కరిగితే అందులో దాగినవన్నీ రక్తంలోకి, అక్కడి నుంచి పాలలోకి వస్తాయి. బాలింత పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి అన్నంతో సరిపెట్టడం కూడా ఇందుకే మంచిది కాదు. పెద్దవాళ్లకు నచ్చజెప్పి పప్పు, కూర, పాలు, గుడ్లు అన్నీ తినండి.

ఇక డీటాక్స్. కొవ్వులో దాగిన డీడీఈని కషాయాలు, ఆముదం, పసరు మందులు, కాళ్లకు కట్టే పట్టీలు బయటికి లాగలేవు. సీసం ఎక్కువైనవాళ్లకు డాక్టర్లు ఇచ్చే చెలేషన్ మందులు లోహాలకే, వీటికి పనిచేయవు. గర్భిణికి అవి ప్రమాదం కూడా. ఒంట్లోంచి త్వరగా పంపే ప్రయత్నాలు లేకపోలేదు. అమెరికాలోని హోప్‌వెల్‌లో 1975లో కెపోన్ అనే పురుగుమందు ఫ్యాక్టరీ కార్మికులు వణుకుతో మంచాన పడ్డప్పుడు, కొలెస్ట్రాల్‌కు వాడే కొలెస్టిరమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో కెపోన్ సగానికి తగ్గే సమయం 165 రోజుల నుంచి 80 రోజులకు వచ్చింది. అవి విపరీతంగా విషమెక్కినవాళ్లకు ఆస్పత్రిలో చేసిన వైద్యాలు. మామూలు మనిషి, అందులోనూ గర్భిణి, ఇంట్లో ప్రయత్నించేవి కావు.

రక్తపరీక్ష వద్దనడానికి కారణం కూడా ఇదే. ఒక అంకె వస్తుంది. ఆ అంకె చూసి మీ డాక్టరు చేయగలిగింది ఏమీ ఉండదు, మీకు మాత్రం కాన్పు దాకా దిగులు మిగులుతుంది. వెంట్రుకలు పంపితే వందల విషాలు చెబుతామనే ప్యాకేజీలకైతే డబ్బులు అసలే తగలేయకండి.

మీరు అడగని ఒక విషయం ఉంది. నేనైతే మీ ఇంట్లో దాన్నే ముందు చూస్తాను. సీసం. యునిసెఫ్ 2020 నివేదిక ప్రకారం మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ సీసం ఉంది. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుందన్నదానిలో ఎవరికీ అనుమానం లేదు. ఒంట్లోకి వెళ్లిన సీసం ఎముకల్లో దశాబ్దాలు ఉంటుంది. కడుపులో బిడ్డకు కాల్షియం కావలసి వచ్చినప్పుడు తల్లి ఎముకల్లోంచి కాల్షియంతో పాటు అదీ కదులుతుంది. మీ డాక్టరు రాసిన కాల్షియం, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకుంటే ఈ కదలికా తగ్గుతుంది, కొత్తగా సీసం పేగుల్లోంచి లోపలికి పోవడమూ తగ్గుతుంది. పుట్టబోయే బిడ్డ కోసం గదికి రంగులేయించాలనుకుంటున్నారని రాశారు కదా, ఆ పాత రంగు గీకించే పని ఇప్పుడు పెట్టుకోవద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నిబంధన మన దగ్గర 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్మే అసలు ప్రమాదం. విడిగా అమ్మే మరీ పచ్చటి పసుపు కొనకండి, ఆ రంగు కోసం సీసం ఉన్నది కలిపి ఉండొచ్చు, కొమ్ములు తెచ్చి ఆడించుకోండి. ఇంటికి దగ్గర్లో పాత బ్యాటరీలు కరిగించే చోటు ఉన్నా, ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తున్నా అప్పుడు మాత్రం రక్తంలో సీసం పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి. దానికి అర్థం ఉంది.

అక్కవాళ్ల నోటీసులో ఉన్నవి పీఫాస్ రసాయనాలు, నాన్‌స్టిక్ పూతల్లాంటివాటి కోసం వాడినవి. ఇవి వేరే రకం. కొవ్వులో కాకుండా రక్తంలోని ప్రొటీన్లకు అంటుకుని తిరుగుతాయి. వాటిలో పీఫోస్ అనేది సగానికి తగ్గడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. వీటి గురించి మనకు తెలిసినదానిలో చాలాభాగం వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ నుంచి వచ్చింది. అక్కడి డ్యూపాంట్ ఫ్యాక్టరీ పీఫోవా అనే ఇంకో పీఫాస్ రసాయనాన్ని ఒహాయో నదీ తీరపు ఊళ్ల తాగునీటిలోకి చేర్చింది. కోర్టు కేసు రాజీలో భాగంగా దాదాపు 69,000 మంది రక్తం ఇచ్చారు. దాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు 2012 నాటికి ఆరు జబ్బులతో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చారు. కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగు పుండ్ల జబ్బు, అధిక కొలెస్ట్రాల్, గర్భిణుల్లో వచ్చే బీపీ. ఫారో దీవుల్లో చూస్తే పిల్లల్లో టీకాలకు వచ్చే స్పందన కూడా తగ్గినట్టు తేలింది. పీఫోవాను 2023లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు.

అక్కతో ఇలా చెప్పండి. నోటీసులో అంకెలు ఎంతున్నాయో చూడమనండి. న్యూజెర్సీ సొంత పరిమితులు పెట్టుకున్న తొలి రాష్ట్రాల్లో ఒకటి. ఆ తర్వాత 2024లో అమెరికా ప్రభుత్వం పీఫోవా, పీఫోస్‌లకు లీటరు నీటిలో 4 నానోగ్రాములని దేశమంతటికీ పరిమితి పెట్టింది. నీళ్లు కాచితే ఇవి పోవు, కాచే కొద్దీ చిక్కబడతాయి కూడా. ఆర్వో గానీ, ఈ రసాయనాలకు సర్టిఫికెట్ ఉన్న కార్బన్ ఫిల్టర్ గానీ పెట్టించి, గడువు ప్రకారం లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. అక్కడ డాక్టర్లు పీఫాస్ రక్తపరీక్ష రాస్తారు. మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల లోపుంటే ఫర్వాలేదు. 20 దాటితే థైరాయిడ్, కిడ్నీ లాంటివి ప్రత్యేకంగా చూడాలని అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీలు 2022లో సూచించాయి. ఈ పరీక్షకు మాత్రం ఫలితం వచ్చాక ఏం చేయాలో ఒక దారి ఉంది. నాన్‌స్టిక్ పెనం గురించి అడిగారు. గీతలు పడ్డ పెనం తీసేసి ఇనప పెనం వాడుకోండి. ఇన్నాళ్లూ వాడినందుకు కంగారు పడాల్సిందేమీ లేదు. ముప్పు ఎక్కువగా నీళ్లతోనే.

మీ ఇంటి దగ్గర రోజూ సాయంత్రం చెత్త తగలబెడుతున్నారని రాశారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పీవీసీ వైర్లు, ప్లాస్టిక్ కలిసిన చెత్త మామూలు మంటలో కాలితే డయాక్సిన్లు పుడతాయి. ఇటలీలోని సెవెసోలో 1976లో ఒక ఫ్యాక్టరీ ప్రమాదంతో ప్రపంచానికి తెలిసిన విషం అదే. పొగ పీల్చడం కంటే ఆ బూడిద పడ్డ మేత తిన్న పశువుల పాలు, ఆ నేల మీద మేసిన నాటుకోళ్ల గుడ్ల ద్వారానే అవి మనకు ఎక్కువగా చేరతాయి. మీరొక్కరే గొడవపడొద్దు, అపార్ట్‌మెంట్ సంఘం తరఫున మున్సిపాలిటీకి ఫిర్యాదు రాయించండి. మంట వేసే వేళ కిటికీలు మూసుకోండి. బొద్దింకల మందు కొట్టించే పని ఉంటే కాన్పు అయ్యేదాకా ఆపండి, తప్పనిసరైతే రెండు రోజులు వేరే చోట ఉండండి. కూరగాయలు ధారగా పడే నీళ్లలో కడగండి. కరివేపాకు, కొత్తిమీర కాసేపు చింతపండు నీళ్లలో నానేసి కడిగితే మేలు, మా ల్యాబ్‌లో అవశేషాలు తరచూ ఎక్కువగా కనిపించినవి అవే. చేపలు మానొద్దు. చిన్న చేపలు తినండి, పెద్దవాటి తోలు, పొట్ట భాగపు కొవ్వు తీసేయండి. థైరాయిడ్ పరీక్ష ఇప్పటికే చేసి ఉంటారు, చేయకపోతే అడగండి. అయోడిన్ ఉప్పే వాడండి.

చివరగా అటక మీది డబ్బా. దాన్ని మీరు ముట్టుకోవద్దు. ఊళ్లో ఉన్నవాళ్లలో పెద్దవాళ్లెవరైనా చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు వేసుకుని, డబ్బా మూత తీయకుండా రెండు మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టేయాలి. పైన బీహెచ్‌సీ విషం అని పెద్ద అక్షరాలతో రాయాలి. తిండిగింజలకూ పశువుల మేతకూ దూరంగా, తాళం వేసే చోట పెట్టాలి. కాల్చకూడదు, కాలువలో పారబోయకూడదు, పెరట్లో పూడ్చకూడదు. బావి పక్క నేలలో పూడ్చిన బీటా రకం మీ మనవల కాలానికి కూడా అక్కడే ఉంటుంది. మండల వ్యవసాయ అధికారికి, జిల్లాలోని కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుకు ఒక కాగితం రాసి ఇవ్వమనండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రాలు విశాఖ దగ్గర పరవాడలో, హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉన్నాయి. ఒక్క డబ్బా కోసం వాళ్లు రాకపోవచ్చు. ఊళ్లో అడిగి చూడండి, ఇలాంటి డబ్బాలు ఇంకా ఎన్ని అటకల మీద ఉన్నాయో. అవన్నీ కలిపి పంచాయతీ తరఫున జాబితా రాసి ఇస్తే పని అవుతుంది. ఆ డబ్బా ఉన్నచోట దుమ్మును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ అదే సంచిలో వేయమని చెప్పండి.